బట్టకు పోసిన పాలు మీకూ కావాలి

చెన్నైలోని వేళచ్చేరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. వయసు 28. సొంతూరు శ్రీకాళహస్తి. పాత మహాబలిపురం రోడ్డులోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో నాలుగున్నరేళ్లు ఉన్నారు. ఏడు నెలల కిందట ప్రాజెక్టు ఆగిపోవడంతో ఆమెతో పాటు చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఇద్దరు తమిళ అమ్మాయిలతో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నారు. చేతిలో 1,38,000 రూపాయలు మిగిలాయి. ఇంటి అద్దెలో ఆమె వంతు 7,000. కరెంటు, గ్యాసు, ఫోను, రాకపోకలు అన్నీ కలిపి 2,500.

ఉద్యోగం ఉన్న రోజుల్లో మూడు పూటలూ బయటి తిండే. నెలకు 9,000 దాకా అయ్యేది. ఇప్పుడు తానే వండుకుంటూ దాన్ని 2,200కు దించారు. "మొదట్లో నా మీద నాకే గౌరవం కలిగింది" అని రాశారు. రెండు పేరాల తర్వాత మాత్రం, పప్పు వారానికి రెండు రోజులే వండుతున్నానని, రాత్రి అన్నంలోకి ఆవకాయ తప్ప మరేమీ ఉండదని, పాలు మానేసి నల్ల టీ తాగుతున్నానని, మేడ మెట్లు ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయని రాశారు.

చిన్నప్పుడు సెలవుల్లో పక్కింటి పెద్దాయన దగ్గర కలంకారీ నేర్చుకున్నారట. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కలం పట్టారు. "అది చేతిలో ఉన్నంతసేపూ నాకు ఉద్యోగం లేదన్న సంగతే గుర్తుకు రాదు. పక్కన పెట్టగానే దొంగతనం చేసినట్టు అనిపిస్తుంది" అన్నారు. ఒక రోజు పదకొండు గంటలకు రంగులు వేస్తుంటే రూమ్మేట్లలో ఒకమ్మాయి, "ఉద్యోగం లేనప్పుడు కూడా ఇంత తీరిక ఎలా దొరుకుతుంది నీకు" అందట. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అన్నిటికంటే పెద్ద విషయం ఉత్తరం చివర్లో వచ్చింది. ఉద్యోగం పోయినట్టు ఇంట్లో చెప్పలేదు. తండ్రికి శ్రీకాళహస్తిలో చిన్న కిరాణా దుకాణం ఉంది. తమ్ముడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ప్రతి నెలా ఎప్పటిలాగే ఇంటికి 15,000 పంపుతున్నారు. చెబితే "ఇక వచ్చేసెయ్, సంబంధాలు చూస్తాం" అంటారన్నది ఆమె భయం. పిన్ని కూతురేమో కలంకారీ దుపట్టాలు వేసి అమ్మమంటోంది, లేదా పొడులు, పచ్చళ్లు చేసి అమ్మమంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 60,000 కడితే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. "బొమ్మలు మానేసి ఇరవై నాలుగు గంటలూ ఉద్యోగమే వెతకాలా? బొమ్మలనే ఉద్యోగం చేసుకోవాలా? తిండి ఖర్చు ఇంకా తగ్గించే మార్గం ఉందా?" ఇవీ ఆమె అడిగిన ప్రశ్నలు.

ముందుగా మీ మూడో ప్రశ్నకు జవాబు చెబుతాను. తిండి ఖర్చు ఇంకా తగ్గించకండి. పెంచండి.

మీరే రాసిన అంకెలు తీసుకుని లెక్క వేశాను. ఇప్పుడు మీ నెల ఖర్చు 26,700. మీ దగ్గరున్న డబ్బు అయిదు నెలల అయిదు రోజులు వస్తుంది. తిండికి నెలకు మరో 1,500 కలిపి 3,700 పెట్టుకున్నారనుకుందాం. అప్పుడు అదే డబ్బు నాలుగు నెలల ఇరవై ఏడు రోజులు వస్తుంది. తేడా దాదాపు ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజుల కోసం మీరు పప్పు, పాలు, రాత్రి కూర వదులుకుని కళ్లు తిరిగే స్థితికి వచ్చారు. ఇంటర్వ్యూలో గంటసేపు నిలకడగా మాట్లాడాల్సిన మనిషి చేయకూడని పొదుపు ఇది.

మరో లెక్క చూడండి. తిండికి 3,700 పెట్టుకుని, ఇంటికి పంపే 15,000ను 5,000కు తగ్గిస్తే ఏడున్నర నెలలు గడుస్తుంది. ఉద్యోగం దొరికేదాకా పూర్తిగా ఆపితే పది నెలలు దాటుతుంది. అంటే మీ గడువును తినేస్తున్నది వంటగది కాదు, రంగులు అసలే కాదు. ఇంట్లో చెప్పని ఒక్క విషయం. దాని బరువంతా మీరు పళ్లెం మీద, కలం మీద వేస్తున్నారు. తిన్నా తప్పే, బొమ్మ వేసినా తప్పే అనిపించడానికి కారణం నాకు అక్కడే కనిపిస్తోంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "కరక్కాయ పొడి కలిపి బట్ట నానబెట్టడానికి అర లీటరు పాలు కొన్నాను" అని రాశారు. కలంకారీలో పాలు ఎందుకో మీకు నేను చెప్పనక్కరలేదు. పాలలోని కొవ్వు వల్లే రంగు గీత దాటి పాకకుండా నిలుస్తుంది. ఆ పని సరిగా జరగాలని బట్టకు పాలు కొన్నారు, మంచిదే. అదే వారంలో మీ టీలోకి చెంచాడు పాలు కొనలేదు. బట్టకు ఏం కావాలో తెలిసి దానికి ఇచ్చిన మనిషి, తన ఒంటికి ఏం కావాలో తెలిసీ ఇవ్వలేదు. ఉద్యోగం లేనంతకాలం తనకు తిండి మీద హక్కు తగ్గిపోతుందని మనసులో ఎక్కడో అనుకుంటే తప్ప ఎవరూ ఇలా చేయరు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. బట్ట కోసం కొనే రోజు మీకోసం మరో ప్యాకెట్ కొనండి. కొంత తోడు వేసుకోండి.

ఈ వారమే మీ ప్రాంతంలోని నగరపాలక సంస్థ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కళ్లు తిరుగుతున్న సంగతి వైద్యులకు చెప్పి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భిణులు కాని స్త్రీలలో అది వంద మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. మాత్రలు అవసరమైతే వాళ్లే చెబుతారు. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే కనీసం గంట ఆగండి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము మరింత బాగా పడుతుంది.

మీది రాగిసంగటి తినే ప్రాంతం. చెన్నైలో నాలుగున్నరేళ్లు బయటి తిండి తిని దాన్ని మరిచిపోయి ఉంటారు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పొద్దున జావ కాచుకోవడానికి పది నిమిషాలు చాలు. రాత్రి ఒట్టి అన్నం బదులు సంగటి, వేరుశనగ పచ్చడి పెట్టుకుంటే కడుపు నిండుతుంది, మాంసకృత్తులూ అందుతాయి. కందిపప్పు ఖరీదని మానేశానన్నారు. కిలో 150 రూపాయలు అనుకున్నా, రోజుకు 50 గ్రాముల చొప్పున ఒక మనిషికి ఇరవై రోజులు వస్తుంది. రోజుకు ఏడున్నర రూపాయలు. గ్యాసు గురించి బెంగ ఉంటే పెసరపప్పు వండుకోండి, తొందరగా ఉడుకుతుంది. ఉలవలు, అలసందలు రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్లో అన్నం గిన్నెతో పాటే పెట్టేస్తే ఒకే మంటకు రెండూ అయిపోతాయి. మునగాకును పప్పులో వేయవచ్చు, పొడి కొట్టి నిల్వ చేసుకోవచ్చు. రోజుకొక గుడ్డు తినగలిగితే తినండి.

ఒంటరిగా వండుకునేవాళ్లకు అసలు నష్టం కూరగాయలు వాడిపోవడంలో వస్తుంది. కోయంబేడు మార్కెట్లో చవక నిజమే కానీ, ఒక్కరి కోసం అంత దూరం వెళ్లి రావడం దండగ. రూమ్మేట్లతో కలిసి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు తెచ్చుకుని పంచుకుంటే లాభం. 2021 మే నుంచి తమిళనాడులో సాధారణ సిటీ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు ఉండదు. ఇంటర్వ్యూకో మరో పనికో బయటికి వెళ్లినప్పుడు ఆకలితో తిరగకండి. అమ్మ ఉణవగంలో (అమ్మ క్యాంటీన్లో) ఇడ్లీ రూపాయి, సాంబారన్నం అయిదు, పెరుగన్నం మూడు రూపాయలు. అక్కడ తినడానికి మొహమాటపడేవాళ్లు ఉన్నారు. ఈ నగరంలో పన్ను కట్టి, అద్దె కట్టి బతికిన మనిషి మీరు. అది మీలాంటి వారి కోసమే పెట్టిన భోజనశాల.

ఇక ఇంట్లో చెప్పడం. మీరు ఎక్కువగా భయపడుతున్నది దీనికే కాబట్టి దీని దగ్గరే కాస్త నిలబడదాం.

మీ ముందున్న మొదటి దారి, చెప్పకుండా ఇలాగే కొనసాగడం. ఈ లోపు ఉద్యోగం వస్తే ఎవరికీ ఏమీ తెలియదు, మీ గౌరవానికి లోటు రాదు. రాకపోతే, అయిదు నెలల తర్వాత చెప్పక తప్పదు. కానీ అప్పటికి చేతిలో డబ్బు ఉండదు, తమ్ముడి ఫీజుకు వేరే ఏర్పాటు చేసుకునే వ్యవధి నాన్నగారికి ఉండదు. మీరు తప్పించుకోవాలనుకుంటున్న "వచ్చేసెయ్" అనే మాటకు ఆనాడు మీ దగ్గర జవాబు ఉండదు. ఈ రోజు ఉంది, 1,38,000 రూపాయల జవాబు.

రెండో దారి, సొమ్ము మాత్రం తగ్గించి, కంపెనీలో జీతం కోశారని చెప్పడం. ఇది చాలామంది చేస్తారు. కొన్నాళ్లు ఊపిరి ఆడుతుంది. కానీ ఒక అబద్ధం కాపాడుకుంటున్నప్పుడే మీకు ఇంత కష్టంగా ఉంది. రెండోది మొదలుపెడితే ప్రతి ఫోన్ కాల్ లోనూ ఏ నెల ఏం చెప్పారో గుర్తుపెట్టుకోవాలి. నేనైతే ఈ దారి పట్టవద్దనే అంటాను.

మూడోది, నాన్నగారికి నిజం చెప్పడం. ఆయన కిరాణా దుకాణం నడిపే మనిషి. అమ్మకాలు లేని నెలలు, రావలసిన బాకీలు రాని నెలలు, టోకు వ్యాపారికి వాయిదా అడిగిన రోజులు ఆయనకు కొత్త కాదు. రాబడి ఆగిపోయిన పరిస్థితిని మీ ఇంట్లో మీకంటే బాగా అర్థం చేసుకోగలవాడు ఆయనే. ఏడుస్తూ ఫోన్ చేస్తే మాత్రం ఆయనకు కూతురి ఏడుపు తప్ప ఏదీ వినిపించదు, వెంటనే బయలుదేరి రమ్మంటారు. అందుకని ఫోనులో కాకుండా స్వయంగా వెళ్లండి. బస్సులో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఒక కాగితం మీద లెక్క రాసుకుని వెళ్లండి: ఇంత ఉంది, నెలకు ఇంత ఖర్చు, నేను చెన్నైలో ఇన్ని నెలలు నిలబడగలను, ఇంటికి ఇంతకంటే పంపలేను. ఏడు నెలలు దాచినందుకు ఆయనకు బాధ కలుగుతుంది, కోపమూ రావచ్చు. దాన్ని ఆపడానికి ప్రయత్నించకండి. "నువ్వు దిగులు పడతావని చెప్పలేదు నాన్నా" అన్న ఒక్క మాట చాలు, అది నిజం కూడా.

అమ్మగారితో నాన్నగారిని చెప్పనివ్వండి. మీరే చెబితే సంబంధాల మాట ముందుగా వస్తుంది, ఆయన చెబితే డబ్బు మాట ముందుగా వస్తుంది. మీ తమ్ముడు కూడా ఆ గదిలో ఉండాలి. మూడో సంవత్సరం చదివే కుర్రవాడికి ఇంటి సంగతి తెలియాలి. మిగిలిన చదువుకు అతని పేరు మీద విద్యారుణం తీసుకోవచ్చు. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అవసరం లేదు. అసలు వాయిదాలు సాధారణంగా చదువు పూర్తయిన ఏడాది తర్వాత మొదలవుతాయి. మీకు ఉద్యోగం వచ్చాక ఆ అప్పు తీర్చడంలో సాయం చేస్తే సరిపోతుంది. అక్క ఆకలితో ఉండి కట్టిన ఫీజు అని అతనికి రేపెప్పుడో తెలిస్తే, ఆ భారం ఇప్పటి అప్పు కంటే ఎక్కువ.

పెళ్లి మాట తప్పకుండా వస్తుంది. పెళ్లి వద్దని మీరు ఎక్కడా రాయలేదు, ఉద్యోగం పోయిందన్న కారణంతో పెళ్లి చేసేయడం వద్దన్నారు. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది. దాన్ని ఇంట్లో కూడా ఇంతే స్పష్టంగా చెప్పండి. ఆరు నెలలు గడువు అడగండి. గడువు పెట్టడం వల్ల అది ముగిశాక మీరు మాట నిలబెట్టుకుని కూర్చుని మాట్లాడాల్సి వస్తుంది, అది గుర్తుంచుకునే అడగండి.

కొన్నాళ్లు శ్రీకాళహస్తి వెళ్లి ఉండటం కూడా చెడ్డ ఆలోచన కాదు. 7,000 అద్దె మిగులుతుంది, కలంకారీని దాని సొంత ఊళ్లో, పారే నీళ్లలో బట్ట ఉతుక్కుంటూ నేర్చుకోవచ్చు. చాలా కంపెనీలు మొదటి దశ ఇంటర్వ్యూలు ఇంటర్నెట్లోనే చేస్తున్నాయి కాబట్టి ఉద్యోగ ప్రయత్నం ఆగనక్కరలేదు. కానీ ఇంట్లో ఉన్న ఆడపిల్ల చేతికి పని దానంతట అదే వస్తుంది. దుకాణంలో కూర్చోమంటారు, చుట్టాలింటికి రమ్మంటారు. వేళచ్చేరిలో మీ వంతు గది పోతే తిరిగి అడ్వాన్సు కట్టి కొత్త ఇల్లు చూసుకోవాలి. నా అభిప్రాయంలో ఇది ఆరు నెలల తర్వాత ఆలోచించాల్సిన మాట.

భవిష్య నిధి (పీఎఫ్) ఊసు మీరు ఎత్తలేదు కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. మీ సర్వీసు నాలుగున్నరేళ్లు. అయిదేళ్లు నిండకుండా ఆ సొమ్ము తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. కొత్త ఉద్యోగంలో చేరి ఖాతా బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది. ఇంటికి పంపడం తగ్గిస్తే దాన్ని ముట్టుకునే అవసరమే రాదు. కన్సల్టెన్సీకి 60,000 మాత్రం ఇవ్వకండి. ఉద్యోగానికి డబ్బు అడిగేవాళ్లు రేపు ఫోను ఎత్తరు. దొంగ అనుభవ పత్రాలతో చేర్పిస్తే, నేపథ్య పరిశీలనలో బయటపడి మీ నాలుగున్నరేళ్ల నిజమైన అనుభవానికీ మచ్చ పడుతుంది.

ఇప్పుడు మీ బొమ్మల దగ్గరికి వద్దాం. కలంకారీ మానవద్దు. ఏడు నెలలుగా "ఎంపిక కాలేదు" అన్న మాట తప్ప వినని మనిషికి, మొదలుపెట్టిన పని తన చేతిలోనే పూర్తికావడం ఎంత అవసరమో నేను అర్థం చేసుకోగలను. పైగా మీరు ఎంచుకున్నది పెద్ద ఖర్చులేని పని. వెదురు కలం, చింతబొగ్గు, కరక్కాయ, పటిక, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన నల్లరంగు. ఆ నల్లరంగు తయారవడానికే వారాలు పడుతుంది. నానిన బట్ట ఆరాలి, గీసిన గీత ఆరాలి, ఉతికింది ఆరాలి. అంటే చేయి పెట్టే సమయం కంటే ఆగే సమయమే ఎక్కువ. ఉద్యోగ ప్రయత్నంతో ఇది చక్కగా ఇముడుతుంది.

దొంగతనంలా అనిపించడానికి కారణం, రోజులో ఏ గంట దేనిదో తేలకపోవడం. ల్యాప్‌టాప్ అదే గదిలో, బట్ట అదే గదిలో. ఒకదాని ముందు కూర్చుంటే రెండోది నిందిస్తున్నట్టు ఉంటుంది. అందుకని ఉద్యోగ ప్రయత్నాన్ని ఇంటి బయటికి తీసుకువెళ్లండి. వేళచ్చేరిలో లోకల్ రైలు ఎక్కితే కొట్టూర్‌పురం స్టేషన్ వస్తుంది. అక్కడ 2010లో ప్రారంభమైన అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. ప్రవేశం ఉచితం. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవారికి విడిగా హాలు ఉంది. పొద్దున అక్కడికి వెళ్లి మధ్యాహ్నం దాకా దరఖాస్తులు, చదువు చూసుకోండి. రోజుకు ముప్పై చోట్లకు ఒకే రెజ్యుమే పంపుతున్నానన్నారు. దాని బదులు నాలుగైదు చోట్లకు ఆ ఉద్యోగానికి తగ్గట్టు మార్చి పంపండి, మీతో పాటు ఉద్యోగం పోయి ఇప్పటికే వేరే చోట చేరినవాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లకు మీ పని తెలుసు, మీ పరిస్థితీ తెలుసు. మాన్యువల్ టెస్టింగే, అంటే ఒక్కొక్కటీ స్వయంగా పరీక్షించే పనే చేశానని రాశారు కాబట్టి, ఆ పరీక్షలను ప్రోగ్రాముతో చేయించే ఆటోమేషన్ నేర్చుకోవడానికి రోజూ ఒక గంట కేటాయించండి. ఇల్లు చేరాక మధ్యాహ్నం కలం పట్టుకుంటే అది దేని నుంచీ దొంగిలించిన సమయం కాదు.

పొద్దునే ఒక గంట బొమ్మ వేసి తర్వాత పనిలో దిగేవాళ్లూ ఉన్నారు. దానివల్ల మనసు కుదుటపడి దరఖాస్తులు బాగా రాయగలుగుతారు. కానీ మీరు కలం పట్టుకుంటే లోకం మరిచిపోతానన్నారు. గంట మూడు గంటలవుతుంది. కాబట్టి మీకు మధ్యాహ్నమే నయమని నా అంచనా. ఒక వారం అలా, ఒక వారం ఇలా చేసి చూసుకోండి.

అమ్మే విషయం. పిన్ని కూతురు మంచి మనసుతోనే చెప్పింది. కానీ చేత్తో వేసిన దుపట్టా ఒకటి పూర్తికావడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకే తెలుసు. టి. నగర్ దుకాణాల్లో కలంకారీ నమూనా అచ్చు వేసిన బట్ట చవకగా దొరుకుతుంది. కొనేవాళ్లలో చాలామందికి తేడా తెలియదు, తెలిసినవాళ్లు మీ పనిలో ఆరితేరినతనం కోసం చూస్తారు. మరొక మాట, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరివారే అయినా, వేళచ్చేరి గదిలో వేసిన బట్టను ఆ పేరుతో అమ్మకూడదు. చేతి కలంకారీ అని చెప్పండి చాలు. అయితే అమ్మకం అన్న ఆలోచన రాగానే మీరు వేసే బొమ్మ మారుతుంది. ఏది అడుగుతారు, ఏది త్వరగా అవుతుంది అని చూస్తారు. మిమ్మల్ని ఇన్నాళ్లు నిలబెట్టినది మీకు నచ్చింది మీరు వేసుకోవడమే.

ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఇంజంబాక్కం దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో ఏర్పడింది. అక్కడి చిత్రకారులు బాతిక్ (మైనం పూసి బట్టకు రంగులద్దే పని) వంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొనుక్కుని, తమ చిత్రాలను తమకు నచ్చినట్టు వేసుకున్నారు. అమ్మేది ఒకటి, తమ కోసం వేసుకునేది ఒకటి అని విడదీసుకున్నారు. మీరూ అలా చేయవచ్చు. తీరిక చూసుకుని ఒకసారి వెళ్లి రండి. అమ్మాలనిపిస్తే చిన్నవి వేయండి, చేతిరుమాలు అంత గుడ్డ ముక్కలు, పుస్తకంలో పెట్టుకునే గుర్తులు. సామగ్రి ఖర్చు, పట్టిన గంటలు రాసిపెట్టుకోండి. రెండు నెలలు అలా చేశాక గంటకు ఎంత వస్తోందో చూస్తే, ఇది బతుకుతెరువా కాదా అన్నది మీ పుస్తకమే చెబుతుంది. పెద్ద దుపట్టా మాత్రం మీ కోసం ఉంచుకోండి.

పొడులు, పచ్చళ్ల వ్యాపారానికి ఆహార భద్రత శాఖ నమోదు కావాలి, ఇంటి యజమాని ఒప్పుకోవాలి, పెట్టుబడి కావాలి. ఏడు నెలల కిందటిదాకా వంట చేయని మీకు ఇప్పుడు ఇది తగదు.

దానికంటే దగ్గరలో మరో వీలుంది. మీ రూమ్మేట్లు ఇద్దరూ బయటి నుంచే తెప్పించుకుంటున్నారని రాశారు. రాత్రి వంట ముగ్గురికీ మీరు చేసి, సరుకుల ఖర్చు వాళ్లిద్దరూ భరించేలా మాట్లాడుకోవచ్చు. వాళ్లకు బయటి తిండి ఖర్చు తగ్గుతుంది, మీ రాత్రి భోజనం ఖర్చు లేకుండా గడుస్తుంది, ఒక్కరే కూర్చుని ఆవకాయ అన్నం తినడం తప్పుతుంది. ఇబ్బంది ఏమిటంటే, నెల తిరిగేసరికి మిమ్మల్ని వంటమనిషిలా చూసే ప్రమాదం ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైందన్న మాట ఆ రోజు వేరేగా వినిపిస్తుంది. ఒప్పుకుంటే ఒక నెలకే ఒప్పుకోండి, వారానికి అయిదు రోజులే, గిన్నెలు వాళ్లే కడగాలి. ఇవన్నీ ముందే చెప్పండి.

ఆ అమ్మాయి అన్న మాట గురించి కూడా ఒక సంగతి. పాలలో నానిన బట్ట వాసన భరించలేక ఆమె ఒకసారి బాల్కనీ తలుపు విసురుగా వేసిందని మీరే రాశారు. బట్ట ఉతకడానికి బకెట్ల కొద్దీ నీళ్లు పోతాయి, వేసవిలో ట్యాంకర్ డబ్బులు ముగ్గురూ పంచుకుంటారని కూడా రాశారు. ఆమె మాటలో ఉన్న కోపం మీ నిరుద్యోగం మీద కాకపోవచ్చు, ఆ బకెట్ మీద కావచ్చు. నేరుగా అడగండి. బట్టను మేడ మీద ఆరేస్తానని, ఉతికే రోజు ముందే చెబుతానని, ట్యాంకర్ ఖర్చులో కాస్త ఎక్కువ ఇస్తానని అనండి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే, "నా వంతు అద్దె ఏ నెలా ఆలస్యం కాలేదు, నా మధ్యాహ్నాలు నావి" అని మర్యాదగా చెప్పే హక్కు మీకుంది.

ఇంటర్వ్యూల్లో ఈ ఏడు నెలల ఖాళీ గురించి అడిగితే గొంతు ఆగిపోతోందన్నారు. దానికి రెండు వాక్యాలు సిద్ధం చేసుకోండి, అద్దం ముందు పలికి చూసుకోండి. ప్రాజెక్టు మూతపడి బృందంలో చాలామంది ఉద్యోగాలు పోయాయి, ఆ తర్వాత ఆటోమేషన్ నేర్చుకుంటున్నాను, నేర్చుకున్నదానితో చేసిన పని ఇదిగో అని చూపించండి. కలంకారీ సంగతి వాళ్లు అభిరుచుల గురించి అడిగితే చెప్పండి, సంతోషంగా చెప్పండి. క్షమాపణ అడిగే గొంతుతో మాత్రం చెప్పకండి.

పరీక్ష చేయించుకోవడం ముందు, ఊరికి వెళ్లడం తర్వాత. నాన్నగారితో మాట్లాడాక ఆయన ఏమన్నారో మళ్లీ రాయండి. సంబంధాల విషయంలో ఇంట్లో పట్టుబడితే దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.